పాతిపెట్టిన తలాంతు

ధ్యాన భాగములు: మత్తయి 25:14–30; నిర్గమకాండము 31:1–11; 35:25–35



తలాంతుల ఉపమానము మనలో తెలియనివారు లేరు. సండేస్కూలు పిల్లవానిని అడిగినను ఐదు, రెండు, ఒకటి అని వ్రేళ్లమీద లెక్క చెప్పును. ఆ మూడవ దాసుని గూర్చి మనము సాధారణముగా చెప్పుకొనునది ఒక్కటే: వాడు సోమరి. యజమానుడును వానిని ఆ మాటే అనెను గనుక అది నిజమే. అయితే వాడు తన నోట చెప్పుకొన్న కారణము వేరు. తాను భయపడినందున దాచితినని వాడు చెప్పెను. సోమరితనమునకు వెనుక భయమున్నది. ఈ నెల మనము ధ్యానింపవలసినది ఆ భయమును గూర్చియే.

మొదట ఆ సొమ్ము ఎంతయో చూతము. పాపము, వానికి దొరికినది ఒక్కటే గదా అని మనము వానిపై జాలి చూపుదుము. కాని తలాంతు అనగా చిల్లర నాణెము కాదు. ద్రాక్షతోటలో పనిచేయు కూలివానికి దినమునకు ఒక దేనారము కూలి అని అదే మత్తయి సువార్త 20వ అధ్యాయములో ఉన్నది. తలాంతు ఇంచుమించు 6,000 దేనారములు. విశ్రాంతి దినములను, పండుగలను తీసివేసి సంవత్సరమునకు 300 పనిదినములు అనుకొనిన యెడల, అది ఒక కూలివాని 20 సంవత్సరముల కష్టము. నాట్లకును కోతలకును పోవు మనకు ఈ లెక్క ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. తక్కువ దొరికినవానికి దొరికినదే అంత. ఇంగ్లీషులో టాలెంటు అను మాటకు సహజమైన నేర్పు అను అర్థము ఈ ఉపమానమునుండియే పుట్టినది. మనము మాత్రము ఆ మాట వినగానే, అది పట్టణములో చదివినవారికే ఉండునని తలంచుచున్నాము.

ఆ దినములలో ధనమును భూమిలో పాతిపెట్టుట వెఱ్ఱిపని కాదు. దొంగల భయమునకు అదియే మంచి ఉపాయము. మన దేశములోను లంకెబిందెల కథలు లేని ఊరు ఉన్నదా? కాబట్టి లోకము దృష్టికి వాడు జాగ్రత్తపరుడు. త్రాగలేదు, జూదమాడలేదు, తప్పిపోయిన కుమారునివలె దూరదేశమునకు పోలేదు. ఒక్క కాసైనను పోగొట్టలేదు. నిజము చెప్పవలెనంటే, అట్టివాడు మన సంఘములో ఉండిన యెడల వానిని కోశాధికారిగా ఎన్నుకొందుము.

మరి వాని తప్పు ఎక్కడున్నది? వాడు యజమానుని గూర్చి తలంచినదానిలో ఉన్నది. నీవు కఠినుడవు, విత్తనిచోట కోయువాడవు అని వాడు యజమానుని ముఖముమీదనే చెప్పెను. అయితే 15వ వచనము చూడుడి. ఆ యజమానుడు ఎవని సామర్థ్యము చొప్పున వానికి ఇచ్చెను. అనగా దాసుని కొలత అతనికి ముందే తెలియును. కొలిచి చూచియే, ఇరువది ఏండ్ల కూలి సొమ్మును వాని చేతిలో పెట్టెను. నాకు చేతకాదు అనునప్పుడు మనలను మనము తగ్గించుకొనుచున్నామని మనము తలంతుము. వాస్తవమునకు, ఇచ్చినవాని లెక్క తప్పు అనుచున్నాము.

“నాకెందుకండీ బాబూ అవన్నీ”, “మా వంశంలో ఎవరికీ రాలేదండి”, “నలుగురూ నవ్వుతారండి”. ఈ మూడు మాటలు యానాము చుట్టుపట్ల ప్రతి పేటలోను నేను వినుచున్నాను. వీటిని వినయమనుకొని మెచ్చుకొనుట మనకు అలవాటైనది. వినయము వేరు, పిరికితనము వేరు. వినయముగలవాడు పని చేసి ఘనత కోరకుండును. పిరికివాడు పనియే చేయకుండును. రెంటిని ఒక గాటను కట్టుట వలన మన సంఘములు ఎంతో పోగొట్టుకొనినవి.

మోషే తన నాలుక మందమని చెప్పెను. గిద్యోను తన కుటుంబము అందరికంటె పేదదని చెప్పెను. యిర్మీయా తాను చిన్నవాడనని చెప్పెను. వీరిలో ఎవనితోనైనను దేవుడు, నీవు చాల గొప్పవాడవు, నీకేమి తక్కువ అని పొగడెనా? లేదు. అద్దములో చూచుకొని నీవు గొప్పవాడవని పదిమార్లు చెప్పుకొమ్మని నేడు కొందరు బోధించుచున్నారు. దానివలన ఎవరికైన మేలు కలిగినయెడల నేను కాదనను. కాని ఆకలిగొన్నవానికి అన్నము అను మాటను పదిమార్లు చెప్పిన కడుపు నిండదు. దేవుడు మోషేను అడిగిన ప్రశ్న వేరు. నీ చేతిలో ఉన్నదేమని అడిగెను. ఉన్నది గొర్రెల కాపరి కర్ర. పని దానితోనే మొదలాయెను.

ఇప్పుడు మన ప్రాంతపు మాట ఒకటి చెప్పెదను. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియములో పుట్టి, బాల్యములోనే కుటుంబముతో యానాము చేరిరి. అప్పుడు యానాము ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండెను. 18 ఏండ్ల ప్రాయమున ఆయన ఇక్కడ ఒక శతకము వ్రాసెను. దానిలో వ్యాకరణ దోషములున్నవని పండితులు విమర్శించిరి. ఆ వయసులో ఆ మాట ఎంత కుట్టునో ఊహించుడి. అనేకులు అక్కడితో కలము పడవేయుదురు. ఆయన పడవేయలేదు. వ్యాకరణము నేర్చుకొనవలెనని పట్టుపట్టి, డబ్బు లేకున్నను, కాశీ వరకు ప్రయాణమాయెను. పిమ్మట దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి ఆయన సాధించిన కీర్తి లోకమునకు తెలియును. వారి పాండవ నాటకముల పద్యములు అక్షరములు రానివారి నోటను కూడ హార్మోనియముతో మ్రోగినవి.

ఇక మరియొకరి సంగతి. గుఱ్ఱము జాషువాగారు 1895లో వినుకొండలో జన్మించిరి. తండ్రి యాదవ కులమునుండి క్రైస్తవుడైనవాడు, తల్లి మాదిగ కులస్థురాలు. వినుకొండలో ఒకమారు అవధాన సభ జరుగగా, యువకుడైన జాషువాగారు అక్కడ పద్యములు చదివెను. పద్యము బాగున్నదా లేదా అని ఎవరును చూడలేదు. ఈ కులమువానిని సభలోనికి ఎవరు రానిచ్చిరని కొందరు కేకలు వేసిరి.

సహోదరులారా, ఈ రెండు విమర్శలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడి. ఒకటి, నీ పద్యములో తప్పున్నది అనునది. రెండవది, పద్యము వ్రాయుటకు నీవెవడవు అనునది. మొదటిది నొప్పి కలిగించినను మందువంటిది. దానికి జవాబు నేర్చుకొనుట. రెండవదానికి ఎంత నేర్చుకొనినను జవాబు కాదు. ఎందుకనగా అది పనిని గూర్చినది కాదు, మనిషిని గూర్చినది. మన మనస్సులో లేచు సందేహములును ఈ రెండు జాతులే. ఈ పాటలో రెండవ చరణము కుదరలేదు అని మనస్సు చెప్పినయెడల దానిని విని దిద్దుకొనవలెను. నీ మొగమునకు పాట ఒకటా అని చెప్పినయెడల ఆ స్వరము ఎవరిదో విచారించవలెను. తరచుగా అది మన స్వరము కాదు. మన తాతను పొలము గట్టుమీదనే నిలువబెట్టినవాని స్వరము, మన నాయనను బడి అరుగు క్రింద కూర్చుండబెట్టినవాని స్వరము మన లోపల చేరి, మన గొంతుతో మాటలాడుచున్నది. దానిని దేవుని స్వరమని పొరబడకుడి.

జాషువాగారు ఆ స్వరమును మోసికొని తిరుగలేదు. బ్రతుకుతెరువునకై 1915–16 ప్రాంతములలో మన రాజమహేంద్రవరములో మూగ సినిమాలకు కథ చెప్పెను. తెరమీద బొమ్మలు కదలుచుండగా, ప్రక్కన నిలిచి మాటలు పలుకుట ఆ పని. తరువాత గుంటూరులో లూథరన్ సంఘము వారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉండెను. పని ఏదైనను పద్యము మానలేదు. 1941లో గబ్బిలము అను కావ్యము వెలువడెను. దాని కథ తెలిసికొనదగినది. గుడిలోనికి పోవుటకు అనుమతి లేని ఒక పేదవాడు తన గోడును శివునికి విన్నవించవలెను. ఎవరిచేత పంపును? పూర్వకవులు మేఘమును, హంసను దూతలుగా పంపిరి. ఈ పేదవాని గుడిసెలోనికి వచ్చునది గబ్బిలము. జనులు దానిని అపశకునమందురు. అయితే గుడిలోనికి పోవుటకు దానికి అడ్డులేదు. కనుక వాడు దానితోనే చెప్పుకొనెను. దేవుడు మోషేను అడిగిన ప్రశ్నకు ఇది ఎంత చక్కని జవాబు! చేతిలో హంస లేదని ఆయన కూర్చుండి ఏడ్వలేదు. ఉన్న గబ్బిలముతో వ్రాసెను.

ఇక్కడ మన సంఘములును తలవంచుకొనవలసిన మాట ఒకటి కలదు. హిందూ పురాణ కథలపై కావ్యములు వ్రాసినందుకు క్రైస్తవులలోను కొందరు ఆయనను తప్పుపట్టిరి. గుడివారు గడప దాటనియ్యరు, మందిరమువారు కనుబొమ్మలు ముడుతురు. కవి ఎక్కడ నిలువవలెను? ఆయన క్రీస్తు చరిత్రము 1963లో వెలువడి, 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము పొందినది. యానాములో పెరిగిన చెళ్లపిళ్లవారు, బ్రాహ్మణుడు, వృద్ధుడు, తన చేతులతో జాషువాగారి కాలికి గండపెండేరము తొడిగి, ఆ పాదము తాకినందుకు తన జన్మ ధన్యమైనదని చెప్పిరి. తప్పులు దిద్దుకొని పెద్దవాడైనవానికే ఎదుటివాని పనిలోని విలువ కనబడినది.

కవిత్వము మాకెక్కడిది, మేము చేతిపనివారము అని కొందరు అనవచ్చును. అందుకే నిర్గమకాండమును చదువుమనుచున్నాను. పరిశుద్ధ గ్రంథములో దేవుడు ఫలానివానిని తన ఆత్మతో నింపితినని పేరుపెట్టి మొదట చెప్పినది ఎవరిని గూర్చి? యాజకుని గూర్చి కాదు, సేనాధిపతిని గూర్చి కాదు. బెసలేలు అను పనివానిని గూర్చి. బంగారము, వెండి, ఇత్తడి, రాయి, కఱ్ఱ, వీటితో విచిత్రమైన పనులు కల్పించుటకు వానికి ఆత్మ ఇయ్యబడినది. ఆ జనము ఎవరు? నిన్నటివరకు ఐగుప్తులో కొరడా క్రింద ఇటుకలు తొక్కినవారు. ఒకే కొలత, ఒకే అచ్చు, రేపును అదే లెక్క. అట్టి చేతులకు దేవుడు కెరూబులను చేయు పని అప్పగించెను. బానిసత్వమునుండి విడిపించిన తరువాత ఆయన వారికి ఇచ్చిన మొదటి పెద్దపని అందమైన దానిని చేయుటయే. 35వ అధ్యాయములో, తమ చేతులతో నూలు వడికిన స్త్రీల మాటయు ఉన్నది. వారి పేర్లు వ్రాయబడలేదు గాని, వారి నూలు మందసమున్న గుడారములోనికి పోయినది.

అక్కడ మరియొక సంగతి గమనించుడి. బెసలేలుకు నేర్పుతోపాటు, ఇతరులకు నేర్పు బుద్ధియు ఇయ్యబడెను. అహోలీయాబు అను తోటివాడును ఇయ్యబడెను. ఒంటరిగా కూర్చున్నవానికి సందేహము రెండింతలగును.

గత సంవత్సరము క్రిస్మసుకు ముందు మన సంఘములో జరిగినది చెప్పెదను. పేరు చెప్పుట ఆమెకు ఇష్టము లేదు. నాట్లకు వెళ్లు ఒక తల్లి, చేలో వంగి నాటుచు పాడుకొను పాట ఒకటి ఉన్నదని తోటి స్త్రీలు నాతో చెప్పిరి. అడుగగా ఆమె, “అయ్యగారండీ, నాకు అక్షరం ముక్క రాదండి. చేలో పాడుకునే పాటండి అది. దేవుడి మందిరంలో పాడితే నలుగురూ నవ్వరాండీ?” అనెను. “నవ్వితే నవ్వనివ్వమ్మా. ముందు పాడు, విందాం” అంటిని.

ఆమె పాడెను. అది మరియమ్మ బేత్లెహేము ప్రయాణము. నిండు చూలాలు మరియమ్మ ఏటిగట్టు వెంబడి నడచుచు, ఇంకెంత దూరమని ప్రతి మలుపులోను అడుగును. యోసేపు ప్రతిమారును, ఆ కొబ్బరిచెట్టు దాటితే ఊరేనని చెప్పును. భార్యను ఊరడించుటకు ఆ నీతిమంతుడు అన్ని అబద్ధములు ఆడవచ్చునా అని నన్ను అడుగకుడి. పాట వినుచుండగా వెనుక వరుసలోని స్త్రీలు కన్నీళ్లు తుడుచుకొనిరి. వారందరును అట్లు నడచినవారే. పట్టణములో చదువుచున్న ఒక యువకుడు మాత్రము, బేత్లెహేములో కొబ్బరిచెట్లు ఉండవని చెప్పెను. నేను బెదరితిని, ఇక ఈమె నోరు విప్పదేమోనని. ఆమె ఒక్క క్షణము ఆలోచించి, “అయితే అంజూరపు చెట్టు అందాం బాబూ, తాళానికి సరిపోద్ది” అనెను. అదియే నేను పైన చెప్పిన సంగతి. అది పాటలోని తప్పు; దిద్దుకొనెను. నీకెందుకు పాట అని వాడు అనలేదు, ఆమెయు అట్లు వినలేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆమె మనుమరాలు ఆ పాటను బడి పుస్తకములో వ్రాసెను. తరువాతి ఆదివారము ఆ తల్లి తానుగా వచ్చి, ఇంకను రెండు చరణములు కుదిరినవని చెప్పెను. నలువది ఏండ్లుగా అవి ఆమెలోనే ఉన్నవి కాబోలు.

కొందరికి అవమాన భయము లేదు గాని, మొదలుపెట్టుటయే కష్టము. కాగితము ముందు కూర్చుందురు, చేయి కదలదు. మొదటి మాటయే బంగారమై రావలెనని పట్టుదల. అట్టివారు యిర్మీయా 18వ అధ్యాయములోని కుమ్మరి యింటికి పోవలెను. సారెమీద కుండ చేతిలోనే చెడిపోయినది. కుమ్మరి ఆ మట్టిని పారవేయలేదు, సారెను విరుగగొట్టలేదు, అదే మట్టితో మరల చేసెను. దేవుడు తన్ను తాను పోల్చుకొనినది ఆ కుమ్మరితోనే. ఆయనయే చెడిన కుండను చూచి సిగ్గుపడకుండగా, మన మొదటి కుండ చెడినదని మనమేల సారెకు దూరముగా పోవలెను?

1996 నవంబరు 6వ తేదీన తుపాను మన తీరముమీద పడిన రాత్రి నేను బాలుడను. తెల్లవారిన తరువాత కొబ్బరితోటలు నేలకు పండుకొని ఉండుట చూచితిని. ఇల్లు కట్టుట నాకు రాదు అని ఆ దినములలో ఎవరును కూర్చుండలేదు. పడిన దుంగను, దొరికిన తాటాకును తెచ్చి నిలువబెట్టిరి. వంకర గుడిసె అని నవ్వుటకు ఎవరికి తీరిక? అవసరము కన్నుల యెదుట ఉన్నప్పుడు మనము మనలను గూర్చి తలంచము. మన పాటయు, మన పనియు ఎవరికో నీడ కావలసియున్నదని ఎరిగినయెడల భయము కొంత తగ్గును.

ఒక ప్రశ్న మిగిలియున్నది, దానిని దాటిపోరాదు. వ్యాపారము చేసి నష్టపోయిన దాసుడు ఉండినయెడల యజమానుడు వానిని ఏమనును? ప్రభువు ఆ నాలుగవవాని కథ చెప్పలేదు. ఈ వాక్యము చదివినప్పుడెల్ల నేను వానిని గూర్చి తలంచుదును. పేతురు వలలు రాత్రియంతయు వేసి ఖాళీగా వచ్చినప్పుడు ప్రభువు ఏమనెనో మనకు తెలియును గదా, మరల వేయుమనెను. అందునుబట్టి ఆ నాలుగవవాని గూర్చి నాకు ఆశ కలదు.

అంతకంటెను గొప్ప సంగతి 27వ వచనములో ఉన్నది. నీవు స్వయముగా వ్యాపారము చేయలేకపోయిన, సాహుకార్ల యొద్దనైన ఉంచవలసినదని యజమానుడు చెప్పెను. అంత భయస్థునికి కూడ ఒక దారి ఉండెను. ఒంటరిగా పాడలేనివాడు పదిమందిలో పాడవచ్చును. వ్రాయలేనివాడు చెప్పగా మరియొకడు వ్రాయవచ్చును. తన నేర్పును తోటివారి నేర్పుతో కలిపి ఉంచినయెడల అది పెరుగును, పాతిన చోట మాత్రము పెరుగదు.

కనుక మన మందిరములో బల్లప్రక్కన ఒక నోటు పుస్తకము ఉంచబడినది. పాట గాని, ప్రార్థన గాని, సామెత గాని, ముగ్గు గాని, పడవకు చెక్కిన క్రొత్త నమూనా గాని, మీలో ఉన్నదానిని దానిలో ఎక్కించవచ్చును. వ్రాత రానివారు గురువారము స్త్రీల కూడిక అయిన తరువాత ఉండినయెడల, బడిపిల్లలు వ్రాసిపెట్టుదురు. తప్పులు దిద్దుటకు పాటల గుంపు పెద్దగారు ఒప్పుకొనిరి. మనిషిని దిద్దకూడదని ఆయనకు ముందే చెప్పియుంచితిని. ఇప్పటికి ఆ పుస్తకములో నాలుగు పాటలును, వల అల్లు ఒక క్రొత్త విధమును, ఎవరిదో తెలియని ఒక కొంగ బొమ్మయు ఉన్నవి. పెన్సిలు దారముతో కట్టబడియున్నది.